ఓటరు జాబితాలో తండ్రీకొడుకులు

నాకు కోపం ఎక్కువ. రాతలో అది పనికొస్తుందని చాలాకాలం మురిసిపోయాను. 2009 చలికాలంలో తెలంగాణ ఇస్తున్నామని ఢిల్లీలో ప్రకటించి, పక్షం రోజులు తిరగకుండానే మాట మార్చినప్పుడైతే ఆ కోపానికి పట్టపగ్గాల్లేవు. ఒక చిన్న వారపత్రికలో కాలమ్ రాసేవాణ్ణి. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి పోయి, గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లల మధ్య ఒక కుర్చీ సంపాదించుకునేవాణ్ణి. వాళ్లకు ఉద్యోగాలు రావాలి, నాకు వాక్యాలు రావాలి. మధ్యాహ్నానికి అందరి మొహాల్లోనూ ఒకటే దిగులు కనిపించేది.

పత్రిక నారాయణగూడలో ఒక సందు చివరి ప్రెస్సులో అచ్చయ్యేది. అక్కడ ప్రూఫులు దిద్దే పెద్దాయన ఒకరుండేవారు. ఊరు గుంటూరు వైపు. ఈ పని కోసమే ముప్పై ఏళ్ల కిందట హైదరాబాదు వచ్చి, అశోక్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో భార్యతో కిరాయికి ఉండేవారు. మా ఇల్లూ ఆ దగ్గర్లోనే. నేను ఆయన్ని గురువుగారూ అని పిలిచేవాణ్ణి. ఊరికే మర్యాదకు కాదు. ఒక పేజీలో ఎక్కడ అబద్ధం ఆడుతున్నానో ఆయన ఎర్రపెన్ను అక్కడ కాసేపు ఆగేది. ఏమీ అనేవారు కాదు. నేనే సిగ్గుపడి ఆ మాట కొట్టేసేవాణ్ణి.

కాలమ్‌లో నేను ఆంధ్రా నాయకుల్ని ఉతికి ఆరేస్తుంటే ఆయన నిమ్మళంగా తప్పులు దిద్దుకుంటూ పోయేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మీకు బాధనిపిస్తలేదా గురువుగారూ?"

"నన్ను తిట్టినా సరేనండి, తిట్టు తప్పుల్లేకుండా ఉండాలి" అన్నారు.

పని అయ్యాక ఇద్దరం చౌరస్తా దాకా నడిచి ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లం. ఎప్పుడూ వన్ బై టూ చాయే. ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసి ఇచ్చేవాళ్లు. ఆ అర కప్పు మీద గంటసేపు ఊళ్ల సంగతులు, సినిమాల సంగతులు, మా ఇద్దరి బీపీ గోలీల సంగతులు. అట్లాంటి ఒక సాయంత్రమే ఓటు మాట వచ్చింది. ఆయన ఓటు ఇంకా ఊళ్లోనే ఉందని, ఎలక్షన్ వచ్చినప్పుడల్లా రైలెక్కి పోయి వేసొస్తారని అప్పుడే తెలిసింది.

"ఏంది గురువుగారూ, ముప్పై ఏండ్లసంది ఈడుంటున్నరు. ఓటు ఇంకా గాడనేనా?"

"మా నాన్న పోయి పన్నెండేళ్లయిందండి. జాబితాలో ఆయన పేరు ఎవరూ తీయలేదు. ఆయన పేరు, దాని కిందే నా పేరు. నేను వెళ్తే పోలింగాఫీసరు వేలు నాన్న పేరు మీదుగా నా దగ్గరకు వస్తుంది. నా ఓటు ఇక్కడికి మార్పించుకుంటే, ఎంక్వయిరీకి వచ్చినవాళ్లు ఆయన పేరు కూడా కొట్టేస్తారేమోనని..." అని ఆగారు. "పిచ్చిగా ఉంటుందిలెండి. ఎక్కడా అనకండి."

అననని చెప్పాను. చెప్పినప్పుడు నిజంగానే చెప్పాను.

2011లో సమ్మె రోజులు వచ్చాయి. బస్సుల్లేవు, బళ్లు లేవు, ఆఫీసులు మూతపడ్డాయి. పాలమూరు నుంచి వచ్చి మా సందులో ఇళ్లు కట్టే కూలీలు పనుల్లేక అరుగుల మీద కూర్చునేవాళ్లు. పూట గడవకున్నా, రానీ అన్న, తెలంగాణ రానీ అనేవాళ్లు. వాళ్లను రోజూ చూస్తున్నాను. ఆ వారం కాలమ్‌లో ఊగిపోయాను. ఈ నగరం ఎవరి చెమట, ఎవరి వాటా అని మొదలుపెట్టి, మధ్యలో ఒక ఉదాహరణ కావలసివచ్చింది. చేతికందింది. "నాకు తెలిసిన ఒక పెద్దమనిషి, అశోక్‌నగర్ నీళ్లు ముప్పై ఏళ్లుగా తాగుతూ కూడా ఓటు మాత్రం ఊళ్లోనే దాచుకున్నాడు" అని రాశాను. తండ్రి సంగతి రాయలేదు. మరచిపోయి కాదు. అది రాస్తే చదివేవాడికి ఆయన మీద జాలి పుడుతుంది, నా వాదన నీరుగారిపోతుంది. అందుకని రాయలేదు.

ఆ కాలమ్ ప్రూఫు ఎవరి చేతికి పోతుందో నాకు తెలియదా? తెలుసు. కానీ రాసేవాడికి ఆ వేడిలో మనుషులు కనిపించరు.

ప్రూఫు నా దగ్గరికి వచ్చింది. అక్షరదోషాలన్నీ ఎప్పటిలాగే ఎర్రగా దిద్ది ఉన్నాయి. ఆ వాక్యం తర్వాత మాత్రం, టైపులో ఏదైనా పోయినప్పుడు పెట్టే గుర్తొకటి పెట్టి, మార్జిన్‌లో పెన్సిల్‌తో రాశారు: "ఇక్కడ ఒక వాక్యం పోయినట్టుంది. కాపీ చూడండి." డీటీపీ చేసేవాళ్లు వాక్యాలు మింగేయడం మామూలే. నా చేతిరాత కాగితం తీసి పోల్చి చూశాను. ఏమీ పోలేదు. పెద్దాయనకు కళ్లు తగ్గుతున్నాయనుకుని, రబ్బరుతో ఆ పెన్సిల్ రాత తుడిచేసి పంపించాను.

పత్రిక వచ్చిన రోజు పొద్దున, అచ్చులో చదువుకుంటూ ఆ వాక్యం దగ్గర ఆగాను. అప్పుడు తట్టింది. ఆయన నన్ను తిట్టలేదు, బతిమాలలేదు, తన గురించి రాయొద్దనలేదు. ప్రూఫు దిద్దేవాడు రచయితను ఎంతవరకు అడగవచ్చో అంతవరకే అడిగారు. తండ్రి సంగతి చెప్పే ఆ ఒక్క వాక్యం పెట్టమన్నారు. నేనేమో తుడిచేశాను.

ఆ కాలమ్‌కు మంచి పేరొచ్చింది. లైబ్రరీలో పిల్లలు జిరాక్సులు తీసి పంచుకున్నారు. ఒకాయన భుజం తట్టి "గట్ల రాయాలె అన్న" అన్నాడు. గురువుగారి ఇంటి ఓనరు తరతరాలుగా ఈ ఊరివాడు, మంచివాడే. మెట్ల దగ్గర పత్రిక పట్టుకుని, "ఏం సార్, ఇది మీరేనా?" అని నవ్వుతూ అడిగాడట. ఆ నవ్వులో విషం లేదు. కానీ ముప్పై ఏళ్లలో ఆయన్ని ఆ ఇంట్లో ఎవరూ అట్లాంటి ప్రశ్న అడగలేదు.

నేను ప్రెస్సుకు వెళ్లాను. గురువుగారు లేచి, పదండి అన్నారు. హోటల్లో కూర్చోగానే రెండు ఫుల్ చాయ్‌లు చెప్పారు. ఎవరిది వాళ్లం తాగాం. క్షమించండి అందామనుకున్నాను. కానీ ఆ మాట అంటే కాలమ్ మొత్తం తప్పని ఒప్పుకున్నట్టవుతుందని నా పౌరుషం అడ్డుపడింది. కాలమ్ తప్పు కాదు. ఇవాళ్టికీ అందులో తెలంగాణ గురించి రాసిన ఏ మాటా వెనక్కి తీసుకోను. ఒక న్యాయమైన మాట కోసం ఒక మనిషిని సగానికి కోసి వాడుకున్నాను, అంతే. అది ఆయనకు చెప్పడం అప్పుడు నాకు చేతకాలేదు. తర్వాత నెలకే ఆయన, కళ్లు ఆనడం లేదని పని మానేశారు. ఆ వంక నేనే అందించినట్టనిపించి ఏడుపొచ్చింది.

2014 ఎండాకాలం ఎన్నికల నాటికే, రాష్ట్రం వస్తుందని ఖాయమైపోయింది. మా వీధి బడిలో ఓటు వేయడానికి లైన్‌లో నిలబడ్డాను. నా ముందు నలుగురికి అవతల గురువుగారు ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూసి, తన చోటు వదులుకుని వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"మీరిక్కడ..." అన్నాను.

"మార్పించుకున్నానండి. మీరు రాసింది సబబే కదా. ఉంటున్న చోటే ఓటుండాలి."

నేను అడిగాను. "మరి అక్కడ నాన్నగారి పేరు?"

"తీసేశారు. మా తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. పోయినవాళ్ల పేర్లు ఉండకూడదు కదండీ, రూలే." ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని వెతుక్కున్నాను.

వెనకనుంచి ఎవరో "జర ముందుకు నడువున్రి అన్న" అన్నారు. నడిచాం. లోపల ఆఫీసరు గురువుగారి చీటీ తీసుకుని, జాబితాలో వేలు పెట్టి కిందికి దిగుతూ, ఎవరెవరివో పేర్లు దాటుకుని ఆయన పేరు దగ్గర ఆపాడు. గురువుగారు ఆ వేలినే చూస్తూ నిలబడ్డారు. సంతకం పెట్టమని రెండోసారి చెప్పాల్సివచ్చింది.

ఇన్నేళ్లుగా రాస్తున్నాను. నా రాత చదివి ఒక మనిషి ఏదైనా చేశాడంటే, నాకు తెలిసి అదొక్కటే.