జ్వరం తగ్గిన ట్యాంకు

వీధిలో అందరూ ఆయన్ని పాలాయన అంటారు. పాలు అమ్మినందుకు కాదు. జీవితంలో సగం పాలను చల్లబరిచే కేంద్రంలో గడిపాడు. అక్కడ థర్మామీటరు ముల్లు కాస్త పైకి పాకితే చాలు, ఆయన చెయ్యి దానంతటదే చల్లనీళ్ల వాల్వు మీదికి పోయేది. వేడంటే క్రిములు, క్రిములంటే విరిగిన పాలు, విరిగిన పాలంటే మేనేజరు తిట్లు.

ఆ కేంద్రం మూతపడ్డాక దేవుడు ఆయనతో చిన్న పరాచికం ఆడాడు. వీధి చివరి షెడ్డులో ఉద్యోగం దొరికింది. మార్కెట్లో మిగిలిన ఆకులూ తొక్కలూ మొక్కజొన్న కాడలూ అక్కడ గాలి చొరని ట్యాంకులో వేసి పులియబెడతారు. ఆ పని చేసేవి వేడంటే పడిచచ్చే సూక్ష్మజీవులు. మన చెయ్యి కాలే అరవై డిగ్రీల దగ్గర అవి విందుకు కూర్చున్నట్టు కూర్చుని, పీచునంతా నమిలి గ్యాసు వదులుతాయి. ఆ గ్యాసు గొట్టం వెంట వచ్చి నీళ్ల సీసాలో బుడగలవుతుంది. బుడగలొస్తున్నంతసేపూ అంతా క్షేమం.

ఆయన్ని ఖాయం చేయాలా వద్దా అన్నది ఆ షెడ్డు నడిపే మేడమ్ ఆ వారమే తేల్చాలి. ఈ వయసులో ఇంకెవరు పిలిచి పని ఇస్తారని పాలాయనకి కాలు నిలవడం లేదు.

ఆ పొద్దున మేడమ్ మీటింగుకు వెళ్తూ, "కాస్త చూస్తూండండి" అంది. ఆ చూడడమే కొంప ముంచింది. ముల్లు అరవై దాటి ఒక్క గీత పైకి పోయింది. బుర్ర ఇంకా ఆలోచిస్తూనే ఉంది, చెయ్యి మాత్రం పాత ఉద్యోగానికి వెళ్లిపోయింది. ట్యాంకు చుట్టూ ఉన్న తొడుగులోకి చల్లనీళ్లు వదిలేసి, మంచిపని చేశానన్న తృప్తితో టీ తాగి వచ్చాడు.

వచ్చేసరికి సీసాలో ఒక్క బుడగ లేదు.

అప్పుడు తెలిసొచ్చింది. వాల్వు కట్టేశాడు, హీటరు పెంచాడు. అదసలే చిన్న హీటరు, ముల్లు మొండికేసింది. కూర్చున్నాడు, లేచాడు, ట్యాంకు చుట్టూ తిరిగాడు, చెవి ఆనించి విన్నాడు. ఇక ఆగలేక ఇంటికి పరిగెత్తాడు.

"అత్తయ్యా, మీ బొంత ఒకసారి ఇస్తారా?"

అత్తగారు బొంతని గుండెలకి హత్తుకుంది. "ఎవరికి బాబూ, జ్వరమా?"

"జ్వరం తగ్గిపోయిందత్తయ్యా. అదే నా ప్రాణం మీదికొచ్చింది!"

వంటింట్లోంచి భార్య తొంగిచూసింది. "ఇంత ఎండలో బొంతేంటండీ? మతి పోయిందా?"

"మతి కాదే, ఉద్యోగం పోయేట్టుంది. ఆ దుప్పట్లు కూడా ఇలా పడెయ్యి!"

మేడమ్ తిరిగొచ్చేసరికి ట్యాంకు పూలపూల బొంత కప్పుకుని, బట్టలారేసే తాడుతో నడుం బిగించి నిలబడి ఉంది. దాని పక్కన పాలాయన గొంతుక్కూర్చుని అంచులు లోపలికి దోపుతూ బతిమాలుతున్నాడు. "లేవండమ్మా, మీకు పుణ్యముంటుంది, లేవండి..."

"ఎవర్ని లేపుతున్నారు?"

పాలాయన ఉలిక్కిపడ్డాడు. కరెంటు పోయిందనే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ కంగారులో నోరూ చేతిలాగే ఆయన మాట వినలేదు. "నేనే చల్లబెట్టేశానండి. అలవాటు. పాలనుకున్నాను. అన్నీ చచ్చిపోయాయండి."

మేడమ్ పెదవి కొరుక్కుంది. నవ్వాపుకోవడానికో, కోపమాపుకోవడానికో తెలియలేదు. "చలికి చావవండీ, ముడుచుకు పడుకుంటాయంతే. గాలి తగిలితేనే ప్రమాదం. మూత తెరిచారా?"

"లేదండి. తెరిచి చూద్దామని చెయ్యి లాగింది. ఈసారి దాన్ని చంకలో పెట్టుకుని కూర్చున్నా."

ఇద్దరూ సీసా ముందు స్టూళ్లేసుకున్నారు. సాయంత్రమైంది. ముల్లు నెమ్మదిగా ఎక్కింది. గొట్టం చివర ఒక బుడగ ఉబ్బి, వదలనా వద్దా అని ఆలోచించి, చివరికి వదిలింది.

"రేపట్నుంచి పర్మినెంటుగా రండి" అంది మేడమ్. "ఇంత కంగారు మనిషి మూత తెరవకుండా ఉన్నాడంటే, ఇంకేం కావాలి నాకు? ఆ వాల్వుకి మాత్రం తాళం వేస్తా. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

"అలాగేనండి" అన్నాడు పాలాయన, సీసా మీంచి కళ్లు తిప్పకుండానే. రెండో బుడగ ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఆయన స్టూలు మీంచి లేవలేదు.