కామా దగ్గర ఆగిపోయిన పేజీ

మొన్న హాంబర్గ్ నుంచి వచ్చిన మా అమ్మాయి పొద్దున్నే భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, ఒక బటన్ రంగు మార్చేస్తే చాలు, తర్వాత ఇద్దరం బయటికి వెళ్దామంది. మధ్యాహ్నమైనా ఆ రంగు మారలేదు. ఎవరో రాసిపెట్టిన ఏదో ప్యాకేజీ పాతబడిందట, దాని బదులు కొత్తది పెడితే ఇంకోటి అలిగిందట, దాన్ని బుజ్జగిస్తే అసలు ప్రాజెక్టే లేవనంటోందట. పెసరట్టు రెండుసార్లు వేడిచేసి పెట్టినా దాని చూపు తెరమీది ఎర్రక్షరాల నుంచి కదల్లేదు. చివరికి తెచ్చుకున్న ఫైళ్లన్నీ తీసేసి, మళ్లీ మొదట్నుంచి దించుకుంది. "అమ్మా, లాయ్‌ఫ్ట్! నడుస్తోంది!" అని ఒక్క అరుపు అరిచింది. ఇంతకీ తప్పెక్కడుందే అని అడిగితే, "కైనె ఆనుంగ్! నాకేం తెలుసు, నడిచిందిగా" అంటూ బూట్లు వేసుకుంది.

దాని వెనకే కోటు తొడుక్కుంటున్నానే గాని, నా మనసు జర్మనీలో ఈ బ్యోబ్లింగెన్ ఊళ్లోనే నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులకు వెళ్లిపోయింది. అప్పట్లో వెబ్ పేజీలు రాసే ఈ పని చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, జావాస్క్రిప్ట్ అంటే నోట్‌ప్యాడ్‌లో రాసుకోవడం, సేవ్ చేసి బ్రౌజర్‌లో తెరిచి చూసుకోవడం, అంతే. నాకింకా ప్రోబెట్‌సైట్, అంటే ఉద్యోగం నిలుస్తుందో లేదో తెలియని పరీక్షాకాలం. అది నిలిస్తేనే కాకినాడలో ఉన్న మా ఆయనకు వీసా వస్తుంది. గిడ్డంగిలో ఏ విడిభాగం ఏ అరలో ఉందో చూపించే పేజీ ఒకటి రాశాను. దాన్ని మేనేజరుకు చూపించాల్సిన రోజున, నా కంప్యూటర్లో చకచకా నడిచిన పేజీ, మీటింగ్ హాల్లోని పాత బ్రౌజర్లో తెరిస్తే తెల్లగా, సున్నం కొట్టిన గోడలా నిలబడింది.

నా మొహం చూసి, మా సెక్షన్లో మా అమ్మ వయసున్న ఒక జర్మన్ ఆవిడ లేచి వచ్చింది. రోజూ గుడ్‌మార్నింగ్ తప్ప మరో మాట ఎరగని మనిషి. "లాంగ్‌జామ్, నెమ్మదిగా చదువుదాం" అని నా పక్కనే కూర్చుని, నేను రాసినదాన్ని మొదటి వరుస నుంచి, ఒక్కొక్క చుక్కనీ బ్రాకెట్‌నీ వదలకుండా పైకి చదవసాగింది. ఆ గొంతు వెంట నా వేలు తెరమీద జరుగుతూ వచ్చింది. అరల పేర్ల పట్టీ చివర, పేరేమీ రాకుండానే ఒక కామా మిగిలిపోయి ఉంది. నా బ్రౌజర్ దాన్ని చూసీ చూడనట్టు పోనిచ్చింది, హాల్లోది ఒప్పుకోలేదు. తీసేయగానే పేజీ కళకళలాడుతూ వచ్చింది. మేనేజరు రెండు ప్రశ్నలు వేసి తల ఊపాడు. ఆ సాయంత్రం మా ఆయనకు ఫోన్ చేశాను, కామా సంగతి ఎత్తలేదు. "మంచి కోటు ఒకటి కొనుక్కోండి, ఇక్కడ చలెక్కువ" అని మాత్రం అన్నాను.

మేం నెలలు పట్టి చేసింది మా అమ్మాయి ఒక్క పూటలో చేస్తుంది, కాదనను. కాని దాని పనిలో ఊరూ పేరూ తెలియని ఎందరెందరి రాతలు కలిసి ఉన్నాయి, మొదట్నుంచి చివరిదాకా చదవడం ఎవరి తరమూ కాదు. దాని జట్టువాళ్లు నాలుగు ఊళ్లలో నలుగురు. ఆ పూటంతా అది ఒంటరిగా కుస్తీపడుతుంటే, అదే పని చేసి రిటైరైన తల్లిని వంటింట్లోనే ఉన్నాను. ఒకసారి చూడమ్మా అనాలని దానికి తోచలేదు, ఏదీ చూపించు అనడానికి నాకు ధైర్యం చాలలేదు.