చూరులో దోపిన జుట్టు

బి.ఏ. పరీక్షలు రాసి బోగోలు దగ్గరున్న మా ఊరికి వచ్చిన ఆ ఎండాకాలం, ఇంట్లో ఎవరూ నా చదువు గురించి అడగలేదు. అందరి దృష్టీ అక్క తలమీదే ఉంది.

అక్క మా ఊరి పక్కనే సముద్రం ఒడ్డు పల్లెలో పంతులమ్మ. టైఫాయిడ్ నుంచి లేచాక జుట్టు పాయలు పాయలుగా దువ్వెనకు వచ్చేది. ఆపైన పేనుకొరుకుడు పట్టి, తలమీద గుండ్రంగా, నున్నగా మచ్చలు తేలాయి. బడి తెరిచేనాటికి రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తామని హెడ్మాస్టరు కబురు పంపాడు. ఆ తలతో గడప దాటనంది అక్క. తనదని చెప్పుకోవడానికి ఆ ఉద్యోగం తప్ప ఆమెకు ఇంకేమీ లేదు.

వైద్యానికి లోటు లేదు. అమ్మ గుంటగలగరాకు రసం పోసి నూనె కాచింది. గురివింద గింజ అరగదీసి మంట పుట్టేదాకా మచ్చలమీద రుద్దింది. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి కావలి నుంచి వాసన సబ్బు తెచ్చాను. దానివల్ల నష్టమేమీ జరగలేదు. సైకిలుమీద అత్తర్లు అమ్మే సాయిబు అమ్మకు ఒక తలనూనె సీసా ఇచ్చాడు.

"దీని మహిమ ఏం చెప్పేదక్కా! రాసుకుని పడుకుంటే దిండుకి గూడా మొలిచింది."

"దిండు సంగతి నాకెందుకన్నా, బిడ్డ సంగతి చెప్పు," అంది అమ్మ.

ఊడిన జుట్టును మావాళ్ళు పారేయరు. ఎవరి చేతిలోనైనా పడితే చేతబడి చేస్తారని భయం. ఉండ చుట్టి, ముమ్మారు ఉమ్మి, తాటాకు చూరులో దోపుతారు. అక్క రోజూ అలాగే చేసేది. ఒకనాడు చూస్తే చూరులో ఒక్క ఉండా లేదు. మళ్ళీ దోపింది. అదీ పోయింది.

"ఎవురో ఎత్తకపోతాండార్రా," అంది గొంతు తగ్గించి. "నా తల వాళ్ళ చేతిలో ఉండాది."

"నీ మెడమీదే ఉండాదిగదా," అన్నాను.

ఆమె నవ్వలేదు. ఆ రోజునుంచి దువ్వెన ముట్టలేదు, అమ్మను నూనె పెట్టనివ్వలేదు. చెయ్యి తగిలితే ఊడుతుంది, ఊడింది వాళ్ళ పాలవుతుంది. తలుపు మూసిన గదిలో ముసుగేసుకుని కూర్చునేది. పిలిస్తే ముసుగు మాత్రం మనవైపు తిరిగేది.

ఒక మిట్టమధ్యాహ్నం దువ్వెన పళ్ళకు మిగిలిన జుట్టును నేనే చూరులో దోపి, అరుగుమీద కూర్చున్నాను. గాలి లేదు. సముద్రం హోరు కూడా వినిపించడం లేదు. చాలాసేపటికి ఆ ఉండ కదిలింది. లోపలినుంచి ఎవరో వేలితో లాగుతున్నట్టు, మెల్లగా పైకి పాకింది. చివరి వెంట్రుక కాసేపు వేలాడి, అదీ వెళ్ళిపోయింది. కాలేజీలో నేర్చుకున్న తర్కశాస్త్రమంతా దాని వెంటే వెళ్ళింది.

నిచ్చెన వేసి తాటాకుల సందులో చెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది. ఊపిరి తీస్తోంది.

ఆకు తొలగించి చూస్తే, అక్క జుట్టంతా గిన్నెలా అల్లి ఉంది, నూనె వాసనతో సహా. అందులో ఉడత పిల్లలు, ఎర్రగా, ఒంటిమీద నూగైనా లేకుండా, ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోతున్నాయి.

నేను కేకేస్తే అక్క ముసుగుతోనే వచ్చి నిచ్చెనెక్కి చూసింది. దిగమంటే దిగలేదు.

"అపశకునం, తీసి తగలబెట్టండి," అని కిందనుంచి అమ్మ అరిచింది.

"గమ్మునుండుమా. బిడ్డలకి చలేస్తాది."

"ఈ ఎండల్లో చలేందే!"

అక్క దిగి వచ్చి, అమ్మ ముందు కూర్చుని ముసుగు తీసింది. ఈలోపు మచ్చలన్నీ కలిసిపోయి తలంతా నున్నబడింది. "నూనె రాయి," అంది.

బడి తెరిచేనాటికి నూగు వచ్చింది. సంబరపడబోయి ఆగిపోయాం. పాతికేళ్ళ మనిషి తలమీద ఆ నూగు ముగ్గుబుట్టలా తెల్లగా ఉంది. పమిట కప్పుకోమని అమ్మ బతిమాలింది.

"ఎన్నాళ్ళని కప్పేది?" అని అక్క బయల్దేరింది.

ఇసుక దారిలో పోతున్న ఆ తెల్లతలను చూస్తూ అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒరే, మా అమ్మ పోతాందిరా," అంది. అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది.

సాయంత్రం అక్క తిరిగి వచ్చాక అడిగాను: "పిల్లకాయలు ఏమన్నా అన్నారా?"

"ఏమీ అనలా. పోతూనే లేచి నిలబడినారు. కూర్చోమన్నా చానాసేపు కూర్చోలా."