ఇద్దరా, రెండా

మా అమ్మ సమ్మమ్మ దేన్నైనా మనుషుల్లాగే లెక్కపెట్టేది. మేకలు నలుగురు, బర్రెలు ఇద్దరు, గంప కింద కోళ్లు ఏడుగురు. హసన్‌పర్తి బడిలో ఈ సంగతి మీదనే పంతులు ఆమె అరచేతులు వాయించాడట. "మేకలు నాలుగు, నలుగురు కాదు" అని పదిసార్లు అనమంటే పదిసార్లూ బుద్ధిగా అని, ఇంటికి పోయి "అవ్వా, నలుగురొచ్చిన్రా?" అని వాకిట్లోంచే కేకేసిందట. మూడో తరగతితో చదువు ఆగింది గానీ ఆ లెక్క ఆగలేదు. ఆ లెక్కే మా వాళ్లకు మొదటి కిరాయి ఇల్లు తెచ్చిపెట్టింది. ఆ లెక్కే దాన్ని ఊడగొట్టబోయింది కూడా.

మా నాన్న వెంకట్రాజం కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. డెబ్భై ఏడులో, పెళ్లయిన కొత్తలో, ఇద్దరూ మా పెద్దనాన్న నర్సింగం ఇంట్లో ఉండేవారు. ఆ ఇంట్లో ముందు మగ్గాలకు చోటు, మిగిలితే మనుషులకు. ఒకరోజు పొద్దున నాన్న మగ్గం గుంటలో కాలు పెట్టబోతే మెత్తగా ఏదో తగిలింది. ఎవరిదో పిల్లి రాత్రికి రాత్రి అక్కడ ఈని పోయింది. రెండు కూనలు, కళ్లు కూడా తెరవలేదు. తల్లి మూడురోజులు వచ్చిపోయి మళ్లీ కనిపించలేదు. మా అమ్మ నూలు పోగులు వత్తిలా పేని, పాలలో ముంచి వాటి నోట్లో పెట్టి బతికించింది. నల్లదానికి బొగ్గు అనీ, పచ్చదానికి పసుపు అనీ పేర్లు పెట్టింది. బొగ్గు మగది, పసుపు ఆడది.

కాళ్లొచ్చాక రెండూ నూలు కండెల మీద పడ్డాయి. అమ్మ పొద్దంతా చుట్టిన కండెలను అవి అర్ధగంటలో చిక్కు చేసి పెట్టేవి. పెద్దనాన్న ఓపిక పట్టీ పట్టీ ఒకనాడు తేల్చేశాడు.

"ఇంట్ల అవన్న ఉండాలె, నూలన్న ఉండాలె."

"నూలే ఉండనియ్యుండ్రి బావా. వీళ్లిద్దర్ని తీస్కొని మేమే పోతం" అంది మా అమ్మ. నాన్నను ఒక్క మాట అడగలేదు. ఆ పూట నాన్న అన్నం సరిగ్గా తినలేదట.

కిరాయికి ఇరవై రూపాయలు దాటి పెట్టే తాహతు వాళ్లకు లేదు. ఆ ధరలో దొరికిన మూడిళ్లూ పిల్లుల మాట వినగానే చేజారాయి. ఒకామె పొద్దున్నే పిల్లి ఎదురొస్తే పనులు కావంది. ఇంకొకాయన నవ్వి, పిల్లులకు వేరే కిరాయి అవుతుందన్నాడు. మూడో ఇంట్లో మాట పూర్తికాకముందే తలుపేసుకున్నారు. పెద్దనాన్న ఇచ్చిన గడువు ఇంకో వారమే ఉంది. "చెరువు దిక్కు వదిలేసి వద్దామా?" అని నాన్న నోరు జారాడు. అమ్మ రెండురోజులు ఆయనతో మాట్లాడలేదు. అప్పుడు తనకు నిజంగా భయమేసిందని నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

ఆ వారంలోనే మట్టెవాడలో ఒక ఇల్లుందని తెలిసింది. నాన్న మగ్గం మీద ఉంటే అమ్మ ఒక్కతే పోయింది. ఇంటామె లక్ష్మీనర్సమ్మ. ఆమె భర్త తెలుగు పంతులుగా చేసి, కాలం చేసి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. అరుగు మీద కూర్చుని, నోటి నిండా ఆకు వక్కతో అడిగింది.

"పిల్లలెంతమంది?"

ఆ ఆకు వక్కలో "పిల్లలు" కాస్తా మా అమ్మ చెవికి "పిల్లులు" అయింది. మూడిళ్ల నుంచి ఆమె ఎదురుచూస్తున్నది ఆ ప్రశ్నకే. పైగా "ఎన్ని" అనకుండా "ఎంతమంది" అంది! తనలాగే లెక్కపెట్టే మనిషి భూమ్మీద ఒకరున్నారని మా అమ్మ ప్రాణం లేచొచ్చింది.

"ఇద్దరమ్మా. ఒకడు, ఒకతె."

"ఎంతెంత ఈడు?"

"ఇద్దరిదీ ఒక్కటే ఈడు. ఆర్నెల్లు."

"కవలలా! నా తల్లే!" ఆమె ఆకు ఉమ్మేసి వచ్చింది. "మరి ఎక్కడ పెట్టొచ్చినవు?"

"గంపల పండుకున్నరు. పగటీలి మస్తుగ పంటరు, ఫికర్ లేదు."

"గంపలనా? తొట్టెల లేదా?" అని లక్ష్మీనర్సమ్మ కళ్లొత్తుకుంది. "కిరాయి ముప్పై చెప్తాన్న అందరికీ. ఇంట్ల పిల్లల సప్పుడుంటది గదా, నువ్వు ఇరవయ్యే ఇయ్యి. శుక్రారం పాలు పొంగియ్యుండ్రి. తొట్టెల నేనిస్త."

అమ్మ ఇంటికి ఎగురుకుంటూ వచ్చింది. నాన్న నమ్మలేకపోయాడు.

"పిల్లుల సంగతి చెప్పినవా?"

"ముందుగాల అదే అడిగింది. తొట్టెల గూడ ఇస్తదట."

"పిల్లులకు తొట్టెలెందుకే?"

"మంచి మనిషయ్యా. నీకెప్పుడు అనుమానమే."

శుక్రవారం రిక్షాలో ఒక ట్రంకుపెట్టె, కండెలు చుట్టే రాట్నం, నాలుగు గిన్నెలు, మూత కట్టిన గంప వేసుకుని మట్టెవాడ చేరారు. లక్ష్మీనర్సమ్మ పట్టుచీర కట్టుకుంది. దిష్టి తీయడానికి పళ్లెంలో ఎర్రనీళ్లు కలిపి, పక్కింటి చిలుకమ్మను కూడా పిలిచి సిద్ధంగా నిలబడింది. గదిలో దూలానికి తొట్టెల వేలాడుతోంది. ఆమె కడుపుతో ఉన్నప్పుడు పుట్టింటివాళ్లు పంపిన తొట్టెల అది. ఒక్కనాడు ఊగకుండానే అటకెక్కి, ముప్పై ఏళ్లకు కిందికి దిగింది. ఆమె దాన్ని చింతపండు పెట్టి తోమించింది, ఇత్తడి గొలుసులు మెరుస్తున్నాయి.

అమ్మ పొయ్యి వెలిగించి పాలగిన్నె పెట్టింది. "ఏరీ, నా బంగారు కొండలేరీ?" అంటూ లక్ష్మీనర్సమ్మ గంప మూత తీసింది.

బొగ్గు ముందు దూకాడు. ఎర్రనీళ్ల పళ్లెం మీదుగా ఒక్క గంతులో పోయి తొట్టెల్లో పడ్డాడు. వాడి వెనకే పసుపు. తొట్టెల ముప్పై ఏళ్లకు మొదటిసారి ఊగింది. చిలుకమ్మ నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది.

"పిల్లులు!" అంది లక్ష్మీనర్సమ్మ. ఆమె మొహం తెల్లబోయింది. "పిల్లలేరి?"

"వీళ్లేనమ్మా" అంది అమ్మ, ఇంకా నవ్వుతూనే.

"ఇద్దరంటివి గదనే! పిల్లులైతే రెండనాలె! మా సారుంటే నిన్ను గోడకుర్చీ ఏయించేటోడు! నన్ను మోసం జేసి ఇల్లు పడుతరా?"

"మోసం గాదమ్మా! మీరే ఎంతమంది అంటిరి. నాలెక్క మాట్లాడే మనిషి దొరికిందని నేను సంబురపడ్డ."

నాన్నకు అప్పటికి సంగతంతా అర్థమైంది. ఆయన ట్రంకుపెట్టె మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

"ఆ పాలు దించు" అంది లక్ష్మీనర్సమ్మ. "పొంగినంక ఎల్లగొట్టుడు మంచిది గాదు. ముందుగాలనే దించు."

అమ్మ కదల్లేదు. నిజంగా కాళ్లు రాలేదో, కావాలనే నిలబడిందో ఇన్నేళ్లు అడిగినా నాకు చెప్పలేదు. నాన్న పెట్టెతో తిరిగేలోపల, లక్ష్మీనర్సమ్మ చీర ఎత్తిపట్టుకుని పొయ్యి దగ్గరికి పోయేలోపల, పాలు బుస్సున పొంగి పొయ్యిలో పడ్డాయి. గదంతా పాలవాసన. అందరూ ఆ గిన్నె వంకే చూస్తూ ఉండిపోయారు.

"పొంగినయి" అని లక్ష్మీనర్సమ్మ కూలబడింది. "ఇగ ఏం జేస్తం! నెల రోజులు ఉండుండ్రి. కిరాయి మాత్రం ముప్పయ్యే. పిల్లలకని తగ్గిస్తి, పిల్లులకు తగ్గియ్య."

ముప్పై అంటే ఆ నెల తరువాత ఎలాగూ ఖాళీ చేయాల్సిందే. అయినా మా అమ్మ ఆ గదిని నెల రోజుల గది అనుకోలేదు. గోడలకు సున్నం వేసింది, గడపకు పసుపు రాసింది. తలుపేసుకుంటే తామిద్దరే ఉండే చోటు ఆమెకు అదే మొదటిది. రాట్నం తిప్పుతూ గట్టిగా పాడుకుంటే ఎవరూ ఏమీ అనలేదు. నాన్న ఆదివారం కూడా మగ్గం దిగలేదు, సాయంత్రం ఇంటికొస్తూ పావలా మల్లెపూలు మాత్రం మరవలేదు. తన జన్మలో అంత సుఖమైన నెల లేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను పుట్టిన నెల కన్నానా అని నేను మూతి ముడుచుకుంటాను.

ఆ నెలంతా లక్ష్మీనర్సమ్మ గొంతు వాడంతా వినిపించింది. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో తిట్టడానికి మనిషి లేడు. ఇప్పుడు తెల్లారింది మొదలు పని. బొగ్గు ఏకంగా సారు పడక కుర్చీ ఎక్కి కూర్చునేవాడు. సారు పోయాక అందులో ఎవరూ కూర్చోలేదు. మొదటిరోజు లక్ష్మీనర్సమ్మ చీపురు తీసుకుంది. రెండోరోజు చేత్తో అదిలించింది. నాలుగోరోజు అమ్మ చూస్తే, కుర్చీలో మడతపెట్టిన తువ్వాల ఉంది, తువ్వాల మీద బొగ్గున్నాడు.

"కుర్చీ ఖరాబైతదని ఏసిన" అంది లక్ష్మీనర్సమ్మ, అడక్కముందే.

ఒకటో తారీఖున నాన్న ముప్పై తీసుకెళ్లి, ఇల్లెప్పుడు ఖాళీ చేయాలని అడిగాడు. ఆమె పది రూపాయలు తిరిగి చేతిలో పెట్టింది.

"ఆ రెండింటికి పాలకుంచు. పోయేదెందుకు? ఆ నల్లదాన్ని తీస్కపోతే కుర్చీల ఎవరు గూసుంటరు?"

నాన్న వీధి చివరిదాకా పోయి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుని వచ్చాడట.

కానీ "రెండు" మాత్రం ఆమె వదల్లేదు. అమ్మ "ఇద్దరన్నం తిన్నరు" అంటే, "రెండు తిన్నయి" అని గోడ అవతలి నుంచి దిద్దేది. మూడేళ్లు దాటినా అలా దిద్దుతూనే ఉంది. డెబ్భై తొమ్మిదిలో నేను పుడితే శారద అని పేరు పెట్టిందీ, ఆ తొట్టెల్లో వేసిందీ ఆమే. నా కాళ్ల దగ్గర ఆ రెండూ పడుకునేవి. నేను ఆమెను అవ్వా అనేదాన్ని.

ఎనభై ఒకటిలో జనాభా లెక్కలాయన వచ్చాడు. అవ్వ అరుగు మీద ఉంది, ఒళ్లో పసుపు, పక్కన నేను. అమ్మ లోపల అన్నం వారుస్తోంది. నాన్న పేరూ అమ్మ పేరూ రాసుకుని ఆయన అడిగాడు.

"వీళ్లకు పిల్లలెంతమంది?"

"ముగ్గురు" అంది అవ్వ.

"పేర్లు చెప్పుండ్రి."

"బొగ్గు, పసుపు, శారద."

ఆయన కలం ఆగింది. ఒళ్లో ఉన్నదాన్ని చూసి నవ్వాడు. "అమ్మా, పిల్లుల్ని గూడ కలిపి ముగ్గురంటరా?"

"నాకు తెల్వదా నాయినా? మా సారు తెలుగు పంతులు" అంది అవ్వ. "నువ్వు ఎట్లన్న రాస్కో. మా ఇంట్ల ముగ్గురు."

లోపల అమ్మ చేతిలో గంజిగిన్నె అలాగే ఉండిపోయింది. ఆయన ఒక్క పేరే రాసుకుని పోయాడు. సర్కారు కాగితంలో మా వాళ్లకు నేనొక్కదాన్నే. మట్టెవాడలో ఎవరినడిగినా మాత్రం నేను మూడోదాన్ని.