మధ్యగోడలో ఎలుక

మా చిన్నప్పుడు... పత్తికొండ పక్క పల్లెలో మిద్దె ఒకటే, సంసారాలు రెండు. నడుమ గోడ కప్పుదాకా లేదు. అటు మరియమ్మత్త దగ్గితే ఇటు మాకు వినపడేది. తెల్లోళ్ల దొరతనం నాటి మాట ఇది. నాకు తొంభై దాటాయి, మునిమనవరాలు టైపు చేస్తోంది... తప్పులుంటే దానివే!

ఆ గోడలో ఒక ఎలుక ఉండేది. మా జొన్నలు తినేది, పోయి వాళ్ల బొంతలో పడుకునేది. బొక్క ఎవరు పూడ్చాలన్నదే తగువు.

"బొక్క నీ పక్క ఉండాది, నువ్వే పూడ్సుకో," అంది అమ్మ.

"తినేది నీ జొన్నలు గదా వదినా, నేనేల పూడ్సల్ల?" అంది మరియమ్మత్త.

అంతే... మాటలు బందు. ఆదివారం ఏసు గుడిలో మాత్రం ఒకే చాప మీద కూర్చునేవాళ్లు. తగువు తీర్చుకోకుండా రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి పోకూడదని మా కట్టుబాటు. అందరూ లేచిపోతే వీళ్లిద్దరే చాప మీద మిగిలేవాళ్లు. ఇద్దరూ ఇద్దరే, మొండి ఘటాలు.

అంతలో పక్క ఊళ్లో ప్లేగు అన్నారు. ప్లేగు వచ్చేముందు ఎలుకలు చస్తాయి. ఇంట్లో ఎలుక చచ్చిందంటే ఇల్లు వదిలి చేలో గుడిసె వేసుకోవాల్సిందే... అప్పట్లో అందరూ చేసేది అదే. దాంతో నిన్నటిదాకా ఎలుకను తిట్టిపోసిన అమ్మ, పొద్దున్నే గోడకు చెవి ఆనించేది. గీకుడు వినపడితే "ఉండాదిలే" అని పొయ్యి రాజేసేది. బొక్క దగ్గర నాలుగు జొన్నగింజలు కూడా వేసేది, చూడండి!

ఒక పొద్దున గీకుడు లేదు. మర్నాడూ లేదు... గింజలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"సచ్చిపోయిండాది. పోదాం పా," అంది అమ్మ, తమ్ముణ్ణి చంకనేసుకుని. వాడికింకా నడక రాలేదు.

"మరియమ్మకు ఒక మాట చెప్పకూడదా మే?" అన్నాడు నాయన.

"ఆయమ్మకు చెవుల్లేవా? అదే గోడ గదా!"

మరియమ్మత్త కూలికి పోయిన వేళ చూసి బయల్దేరాం.

చేలో గుడిసెకు జొన్నసొప్ప తడికలు. క్రిస్మస్ నాటి చలి... సందుల్లోంచి గాలి కొట్టేది. తమ్ముడికి దగ్గు పట్టుకుంది, ఊపిరాడక డొక్కలెగరేశాడు. ఆసుపత్రికని నాయన బండి కట్టేలోపే అయిపోయింది. చేను గట్టునే పూడ్చాం. అమ్మ ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు.

సంగతి తెలిసి మరియమ్మత్త పరుగెత్తుకొచ్చింది.

"పసిబిడ్డతో ఈ సలిలో ఈడికెందుకొచ్చినారు వదినా?"

"ఇంట్లో ఎలక సచ్చిపాయె గదా," అంది అమ్మ.

మరియమ్మత్త గట్టు మీది కొత్త మట్టికేసి చూసింది. తర్వాత సన్నగా అంది.

"అది నా బోన్లో పడిండె వదినా... నేనే వంక నీళ్లలో ముంచేసి వచ్చినా. మాటల్లేవు గదా... చెప్పల్యా."

అమ్మ "ఊ" అంది. తిట్టినా బాగుండేదనిపించింది నాకు.

గుడిసె విప్పేసి ఇంటికొచ్చాం. తర్వాతి ఆదివారం ఇద్దరూ పక్కపక్కనే బల్ల దగ్గరికి పోయారు. అప్పట్నుంచి మరియమ్మత్త గోడ మీదుగా అన్నీ చెప్పేది... "వదినా, పిల్లి పాలు తాగిపాయె." "వదినా, గాలికి తలుపు కొట్టుకుండాది, ఏం ల్యా." బోన్లో ఎలుక పడితే ముందు తెచ్చి అమ్మకు చూపించి, ఆ తర్వాతే బయటికి తీసుకుపోయేది. అమ్మ చూసి "ఊ" అనేది. మరియమ్మత్త కన్నుమూసేదాకా అదే వరస.

ఇప్పుడు మనవడి అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. గోడలు కప్పుదాకా ఉన్నాయి... అవతల ఎవరుంటారో తెలియదు. అయినా పొద్దున లేస్తూనే నా చెవి గోడవైపే పోతుంది.

మీ గోడ అవతలి మనిషి మీకు చివరిసారి చెప్పిన మాట ఏంటి? గుర్తుంటే రాయండి... మునిమనవరాలు నాకు చదివి వినిపిస్తుంది.