ఇస్త్రీ చెయ్యని ముఖం

మా డ్రాయింగు మాస్టారు పోయిన సంగతి నాకు ఆర్డరు రూపంలో తెలిసింది. నరసరావుపేటలో నేను పనిచేసే ఫ్లెక్సీ షాపు ఫోనుకు ఎవరో ఫొటో పంపి, "పెద్దకర్మకి. ముఖం నీటుగా చెయ్యండి" అని రాశారు. తెరిచి చూస్తే మాస్టారు.

నా పని ఆయనకు బొత్తిగా గిట్టేది కాదు. ముడతలూ మచ్చలూ తుడిచేసి, ఎవరిదో తెల్లచొక్కా తగిలిస్తాను కదా! అటుగా వెళ్తూ షాపులోకి తొంగిచూసి, "ముఖాలకి ఇస్త్రీ చేస్తన్నావేందే?" అని కసిరేవారు. కసిరి, నా టీ ఆయనే తాగేసి పోయేవారు.

హైస్కూల్లో మమ్మల్ని పెన్సిలు ముట్టనివ్వలేదు. ఇంకుపెన్ను, తెల్లకాగితం, ఎదురుగా మనిషి, అంతే. "రబ్బరుందంటే కన్ను బద్దకిస్తది" అనేవారు. ఆయన వేళ్ళకి ఎప్పుడూ ఇంకే. ఆ వేళ్ళు చీరకి తగిలితే మాస్టారి భార్య, మేమంతా పిన్నమ్మ అని పిలిచే ఆవిడ, ఊరుకునేది కాదు.

ఒకసారి మా స్కూలు ఆయమ్మను గీస్తుంటే చెంప దగ్గర గీత తప్పింది. "పారెయ్యమాక. దుర్గిలో రాతిబొమ్మలు చెక్కేటప్పుడు ఉలి జారితే రాయి అవతల పడేస్తన్నారా? ఆ దెబ్బని చీర మడతలో కలిపేస్తారు. నువ్వూ కలుపుకో" అన్నారు. నేను వింటేగా! చింపేశాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు మహానుభావుడు.

అలాంటి మనిషిని నేనే ఇస్త్రీ చేసి బజార్లో నిలబెట్టనా? మనసొప్పలేదు. ఏళ్ళ తర్వాత ఇంకుపెన్ను పట్టి, ఆయన ముఖం గీయడం మొదలుపెట్టాను. కనుబొమ దగ్గర పెన్ను జారింది. గీత నుదుటి మీదికి పాకింది. బల్ల మీద బోలెడు కాగితాలున్నాయి, చింపేసి మళ్ళీ మొదలెట్టవచ్చు. ఈసారి చింపలేదు. ఏడుస్తూనే దాని పక్కన ఇంకో రెండు గీతలు గీశాను.

ఎవరినీ అడక్కుండా ఆ బొమ్మే ఫ్లెక్సీ మీద వేశాను. పెద్దకర్మ నాడు వాళ్ళబ్బాయి చూసి మండిపడ్డాడు. "ఫొటో పంపాం గదమ్మా! ఇదేంది, నుదురంతా గీతలు?"

పిన్నమ్మ మెల్లగా దగ్గరికొచ్చింది.

"ఒరేయ్, నువ్వుండు. మనల్ని తిట్టబోయే ముందు మీ నాన్న నుదురు ఇట్టాగే ముడిచేవాడు గదరా."

ఆ తప్పిన గీత మీద వేలు పెట్టి నిమిరింది. తర్వాత, ఇంకు అంటిందేమోనని వేలు చూసుకుంది.