తిట్టకుండా విన్న వదిన

వేలూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో నా ఉద్యోగం. పుట్టిల్లు గుడియాత్తం. లుంగీలు నేసే కుటుంబం మాది, మా అన్న ఇప్పటికీ మగ్గం మీదే ఉన్నాడు. బడి లేని శనివారాల్లో నేనూ మా అమ్మాయీ కాట్పాడిలో రైలెక్కి అక్కడికి పోతాం. అమ్మాయి ఏడో తరగతి. ఆ ఇంట్లో దానికి ప్రాణం మా వదిన. ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతుంటే, పక్కన చేరి బడి కబుర్లన్నీ చెబుతుంది.

కిందటేడు పిల్ల వీడియోలు తీయడం మొదలుపెట్టింది. రైలు కిటికీ, మగ్గం చప్పుడు, అత్త చేతులు, రంగురంగుల నూలు. నా కంటికి బాగానే ఉండేవి. చూసేవాళ్ళు బడి స్నేహితులు, వీధిలో వాళ్ళు, ఇంకా కొందరు తెలియనివాళ్ళు. ఆ తెలియనివాళ్ళలో ఒకమ్మాయి తనది తిరుపత్తూరనీ, తనకూ పన్నెండేళ్ళేననీ, తమ ఇంట్లో కూడా మగ్గం ఉందనీ రాసింది. ప్రతి వీడియోనూ మెచ్చుకునేది. తనలాంటి పిల్లే ఇంకొకతి ఉందని మా అమ్మాయి మురిసిపోయి నాకు కూడా చెప్పింది.

ఒక శనివారం గుడియాత్తంలో దిగాక, నేను చిన్ననాటి స్నేహితురాలిని చూడ్డానికి వెళ్ళాను. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి రాట్నం ఆగిపోయి ఉంది. పిల్ల వదిన ఒడిలో తల పెట్టుకుని పడుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి.

"ఏమైంది?" అన్నాను.

"కూర్చో ముందు," అంది వదిన. "పాప నాకొక మాట చెప్పినాది. నీకూ చెప్తాది. అంతా అయ్యేదాకా నువ్వు నోరు తెరవొద్దు."

పిల్ల లేచి ఫోను నా చేతికిచ్చింది. ఆ తిరుపత్తూరు అమ్మాయి నుంచి వచ్చిన మెసేజి అది. "ఈరోజు పచ్చ చుడిదార్‌లో బాగున్నావు. రైల్లో మీ అమ్మ నిద్రపోయింది కదా? అమ్మ లేనప్పుడు ఒక్కదానివే స్టేషన్ దగ్గరికి రా. ఎవరికీ చెప్పొద్దు."

ఆ రోజు పిల్ల వీడియో ఏదీ పెట్టలేదు. అంటే రాసిన మనిషి ఆ పొద్దున మా రైలు పెట్టెలోనే ఉన్నట్టు. లత్తేరి స్టేషన్ దాటాక నేను కునుకు తీసిన మాట నిజమే. నేను ఏదో అనబోయేంతలో వదిన నా చేయి గట్టిగా పట్టుకుంది.

"బిడ్డ తనకై తానే వచ్చి చెప్పినాది," అంది. "ఇప్పుడు నువ్వు అరిస్తే, ఇంకోసారి చెప్పదు."

నేను అరవలేదు. పిల్లను దగ్గరికి తీసుకున్నాను. అప్పుడది, "అమ్మా, నేను పోలేదు. పోవాలనుకోలేదు కూడా," అంది. మా అన్న మగ్గం దిగి వచ్చి, సంగతి విని, చొక్కా వేసుకుని, "పదండి, నేనూ వస్తా. మీ ఇద్దరినీ ఆ రైల్లో పంపించను," అన్నాడు. ఆ సాయంత్రం బస్సులో వేలూరు వచ్చాం.

మర్నాడు సైబర్ నేరాలు చూసే పోలీసుల దగ్గరికి పోయాం. అక్కడ మమ్మల్ని కూర్చోబెట్టింది మామూలు చీర కట్టుకున్న ఒక ఆఫీసరమ్మ. ఆమె మాతో కాదు, మొదట పిల్లతో మాట్లాడింది. "బయప్పడాదమ్మా" అని తమిళంలో ధైర్యం చెప్పి, "తప్పు నీది కాదు, రాసినవాడిది. ఆ మెసేజీలు చెరిపేయకుండా తెచ్చావు, మంచి పని చేశావు," అంది.

తర్వాత పిల్ల పాత వీడియోలను తన కంప్యూటరులో పెట్టి, "ఇవి తీసింది నువ్వు కాదనుకో. ఎవరో తెలియని పిల్ల తీసింది. చూసి ఆ పిల్ల గురించి ఏమేం కనిపెట్టగలవో చెప్పు," అంది.

పిల్ల ముందుకు జరిగి కూర్చుంది. ఒక వీడియోలో కిటికీ బయట లత్తేరి బోర్డు. ఇంకోదాంట్లో సీటు మీద బడి సంచి, దానికి వేలాడుతున్న గుర్తింపు కార్డు. మరోదాంట్లో మా అన్నయ్య ఇంటి ఎదురుగా ఉన్న కొట్టు పేరు. కింద తనే రాసిన మాట, "శనివారం వచ్చేసింది, అత్త దగ్గరికి!"

"ఇవే నీ అడుగుజాడలు," అంది ఆఫీసరమ్మ. "నడిస్తే మట్టిలో పడ్డవి వానకు పోతాయి. ఇవి అట్లా పోవు. అందుకని నడవొద్దని కాదమ్మా. ఎక్కడ అడుగు వేస్తున్నావో చూసుకుని నడువు."

కొన్ని వారాల తర్వాత ఆమె ఫోను చేసింది. ఆ తిరుపత్తూరు అమ్మాయి అసలు అమ్మాయే కాదు. మా రైలు దారిలోనే తిరిగే నడివయసు మగమనిషి. ఇంకొందరు పిల్లలకు కూడా ఇట్లాగే రాస్తున్నాడట. పట్టుకున్నారు. "మీ పాప చెప్పబట్టే మాకు తెలిసింది," అందామె. ఫోను పెట్టేశాక వంటింట్లో నిలబడి చాలాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

ఆ వారమే గుడియాత్తం పోయి వదినను అడిగాను, "ఆ మెసేజి చూసినప్పుడు నీకు పిల్ల మీద కోపం రాలేదా?" అని.

వదిన నూలు తెగిన చోట ముడి వేస్తూ చెప్పింది. "పదోది అయినాక నేను టైలరింగు క్లాసుకి పోతా ఉంటిని. ఒకడు సైకిల్లో రోజూ వెంట వస్తా ఉన్నాడు. ఇంట్లో చెప్పినాను. ఎవుడు, యాడ అని మా నాయన ఒక్క మాట అడగలేదు. క్లాసు మాన్పించేసినాడు. వాడు మాత్రం హాయిగా సైకిల్లో తిరగతానే ఉన్నాడు, నేను ఇంట్లో కూర్చున్నా. ఆ పొద్దు నుంచి నేను ఎవురికీ ఏమీ చెప్పలేదమ్మా. జరం వచ్చినా చెప్పలేదు. మన పాప నోరు తెరిచినప్పుడు అదే గుర్తొచ్చినాది."

ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు తెలియదు. మా అన్నకు కూడా తెలియదట. వదిన చేతులు పట్టుకున్నాను. "సరి, విడిచిపెట్టు, నూలు చిక్కుపడతాది," అంది ఆమె నవ్వుతూ.

పిల్ల ఇప్పటికీ వీడియోలు తీస్తుంది. కాకపోతే ప్రయాణం అయిపోయి ఇంటికి చేరాకే పెడుతుంది, అదీ తెలిసినవాళ్ళకు మాత్రమే కనిపించేట్టు. పెట్టేముందు ఆఫీసరమ్మ చెప్పినట్టు తెలియనివాళ్ళ కళ్ళతో ఒకసారి చూస్తుంది.

మొన్న సెలవుల్లో ఆ పద్ధతినే మా అన్న వాళ్ళ వీధి పిల్లలకు నేర్పింది. మాట్లాడేది తెలుగే అయినా ఆ పిల్లలకు చదవడం తమిళమే వచ్చు, మా అమ్మాయికేమో తమిళం రాయడం అంతగా రాదు. అందుకని రాతకోతలు లేకుండా అన్న ఇంట్లోనే ఆటలా నడిపించింది. ఒకరు తమ ఫోటో చూపిస్తే, మిగతావాళ్ళు అందులోంచి ఇల్లు, బడి, వీధి కనిపెట్టాలి. "ఒరే, మీ అప్పా బండి నంబరు తెలిసిపోయినాది!" అని ఒకతి అరిస్తే గదంతా నవ్వులు. చివర్లో మా అమ్మాయి, "ఎవరైనా 'ఎవరికీ చెప్పొద్దు' అన్నారంటే, వెంటనే ఎవరికైనా చెప్పేయాల," అంది.

"ఎవురికి చెప్పాల? మా ఇంట్లో కొడతారు," అన్నాడు వెనక నుంచి ఒక పిల్లవాడు.

మా అమ్మాయి నా వైపు చూసింది. అంతలో పక్క గదిలోంచి వదిన గొంతు వినిపించింది.

"నాకు చెప్పు నాయనా. నేను కొట్టను."

ఆట అయ్యాక పిల్లలందరూ వెళ్ళిపోయారు. రెండు జడల పిల్ల ఒకతి మాత్రం గడప దగ్గర నిలబడి ఉంది. వదిన దాన్ని చూసి, చాప మీద కొంచెం పక్కకు జరిగింది.